చివరి రెండు వరసలు

డ్రైవింగు నేర్చుకునేవాళ్లంతా ఆమెను బ్రేకు టీచరు అనేవాళ్లు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆమెకు తెలుసని మాత్రం వాళ్లకు తెలియదు.

నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా టీచర్లు ప్రాణం మీదికొస్తే తప్ప దాన్ని ముట్టుకోరు. ఈమె కుడికాలు దాని మీదే కాపురముండేది. రోడ్డు పక్కన పావురం ఎగరాలా వద్దా అని ఆలోచిస్తుంటే బ్రేకు. ముందు సైకిలు మీద వెళ్తున్న మనిషి తుమ్మితే బ్రేకు. దీపం పచ్చగా వెలుగుతున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఎర్రబడక తప్పదు కదా అని బ్రేకు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊళ్లో ఎవరినీ గుద్దిన దాఖలా లేదు. కాకపోతే అందరికీ కాస్తో కూస్తో మెడనొప్పి ఉండేది.

ఇంట్లోనూ ఆ కాలు ఊరుకునేది కాదు. ఆమె భర్తకు బజారులో కళ్లద్దాల దుకాణం ఉంది. నెమ్మదస్తుడు, కానీ ఇంటికెవరైనా వస్తే చెప్పిన కథే చెప్పే అలవాటు. ఆయన గొంతు సవరించుకోగానే భోజనాల బల్ల కింద టప్పుమని చప్పుడయ్యేది. అది ఆమె పాదం నేలను తొక్కిన చప్పుడు. ఆయన కథను అక్కడే ఆపి, వచ్చినవాళ్లకు ఇంకాస్త వడ్డించేవాడు.

ఇంత కట్టుదిట్టమైన మనిషీ ఏడాదికొకసారి పట్టు తప్పిపోయేది. ఎండ మెత్తబడి, వీధి చెట్ల ఆకులు పసుపు తిరిగి, ఇంటి ముందు ఊడ్చినకొద్దీ రాలడం మొదలైతే చాలు, ఆమె ముఖంలో ఏదో వెలుగు వచ్చేది. ఆ వెలుగు చూడగానే ఇంట్లో మిగతా ముగ్గురికీ గుండె జారేది. ఇక ఆ రుతువు పోయేదాకా ప్రతి ఆదివారం చేతిపనులే.

టీచరు చిన్నప్పుడు ఈ రోజుల్లోనే బడికి సెలవులిచ్చేవాళ్లు. అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అంతా కలిసి అమ్మమ్మ వాళ్ల పొలానికి చేరేవాళ్లు. మొక్కజొన్న కోత అప్పటికి అయిపోయేది. పొత్తుల మీది ఎండు పొరలు ఒక గుట్ట, వెదురు బద్దలు ఒక గుట్ట పోసి, అమ్మమ్మ పిల్లలందరినీ వెనక వరండాలో కూర్చోబెట్టేది. పొరలతో బొమ్మలు, చాపలు. బద్దలతో బుట్టలు. అమ్మమ్మ ఒళ్లో బుట్ట పెట్టుకుని అల్లుతూ ఉంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావని టీచరు ఇప్పటికీ చెబుతుంది. తన ఇంట్లో కూడా అలాంటి రోజులు ఉండాలని ఆమె కోరిక. అందుకే ఆదివారం పొద్దున్నే టీవీ తీగ లాగేసి, ఫోన్లన్నీ ఒక గిన్నెలో వేయించి మూతపెట్టి, అందరినీ హాల్లో చాప మీదికి పిలిచేది.

ఇన్నేళ్లలో ఆ చాప మీద తయారైనవి అన్నీ ఇన్నీ కావు. భర్త కట్టిన చీపురు ఊడ్చే చెత్తకంటే రాల్చే చెత్త ఎక్కువ. కాలేజీలో చదివే కూతురు పొరలతో చేసిన బొమ్మ ఎటు తిప్పినా పక్కింటి లాయరులాగే ఉండేది. ఆకులతో చేసిన గోడ అలంకారం, ఎవరైనా తలుపు కాస్త గట్టిగా వేస్తే టీ కప్పుల్లో పడేది. ఇక టీచరు స్వయంగా అల్లే బుట్టలు. వాటి అంచు చూస్తే బజారులో కొన్నట్టుండేది. అడుగు చూద్దామంటే అడుగే ఉండేది కాదు. ఉల్లిపాయలు వేసి ఎత్తితే బుట్ట చేతికొచ్చేది, ఉల్లిపాయలు నేల మీద ఉండేవి.

"దీన్ని బుట్ట అనకూడదమ్మాయ్," అన్నారు అత్తగారు ఒకసారి. "ఉల్లిపాయలకు కంచె అనాలి."

అత్తగారు పనిలోకి దిగేవారు కాదు. కళ్లు కనిపించవనేవారు. కొడుకు ఏటా కొత్త అద్దాలు బిగించి ఇస్తూనే ఉన్నా, ఈ రుతువులో మాత్రం ఆవిడ చూపు మందగించేది. కుర్చీలో కూర్చుని, ఎవరి పని ఎంత చెడిందో మాత్రం స్పష్టంగా చెప్పగలిగేవారు.

తయారైనవన్నీ చుట్టాలకు కానుకలుగా వెళ్లేవి. టీచరు వస్తోందని ఫోను రాగానే ఆడపడుచు పరుగున వెళ్లి మెట్ల కింద నుంచి బుట్టను తెచ్చి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టి, అడుగు కనిపించకుండా లోపల ఒక పూలకుండీ దించేది. ఇన్నేళ్లలో చుట్టాలెవరూ టీచరు మనసు నొప్పించలేదు. ఎవరికీ ధైర్యం లేదన్నది ఇంకో మాట.

ఈ ఏడు మొదటి ఆదివారమే వరసగా మూడు బుట్టలకు అడుగు ఊడింది. టీచరు మూడింటినీ తిరగేసి తిరగేసి చూసింది. తర్వాత తప్పెక్కడుందో కనిపెట్టానంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తప్పు బద్దలదట. బజారులో అమ్మేవి మరీ ఎండిపోయి ఉంటాయట, పొరలేమో పొట్టివట. అమ్మమ్మ పొలంలో దొరికే సరుకే వేరట. వచ్చే ఆదివారం అందరం కలిసి వెళ్లి తెచ్చుకుందామంది.

భర్త ఆశ్చర్యపోయాడు. తాతయ్య పోయాక మావయ్యలు ఆ పొలాన్ని, ఇంటిని పక్క చేనివాళ్లకు అమ్మేశారు. అమ్మమ్మ చివరి రోజుల్లో పెద్దమావయ్య ఇంట్లో ఉండి పోయింది. ఆ తర్వాత టీచరు అటువైపు వెళ్లనే లేదు. వెళ్దామని ఏటా అనేది. బయల్దేరే వేళకు ఎవరికో జ్వరం వచ్చేది, కారు చక్రాల్లో గాలి తగ్గేది, మబ్బు పట్టేది. అక్కడ అన్నీ మారిపోయి ఉంటే చూసి తట్టుకోలేనని ఆమె ఒకే ఒక్కసారి అంది, పెళ్లయిన కొత్తలో. ఆయనకు గుర్తుంది. అందుకే ఈసారి, జ్వరాలూ మబ్బులూ రాకముందే, ఆయనే ఫోను చేసి ఆ పొలం యజమానురాలితో మాట్లాడాడు. తప్పకుండా రమ్మనీ, పొరలు, బద్దలు కారులో పట్టినన్ని తీసుకెళ్లమనీ ఆవిడ చెప్పింది.

ఆదివారం పొద్దున్న నలుగురూ నేర్పే కారులోనే బయల్దేరారు. భర్త స్టీరింగు దగ్గర, టీచరు పక్క సీట్లో, వెనక అత్తగారు, కూతురు. అత్తగారు ఫ్లాస్కు తెరిచి కప్పులో టీ పోసుకున్నారు. పాలబండి అడ్డొచ్చింది. నిజానికి అడ్డు రాలేదు, రావొచ్చనిపించింది. టీ ఆవిడ ఒళ్లోకి వచ్చింది.

"అబ్బాయ్, కారు నడుపుతున్నది నువ్వా, అమ్మాయా?" అని అడిగారు అత్తగారు, ఒళ్లు తుడుచుకుంటూ.

"వెళ్లడం నేను చూసుకుంటున్నానమ్మా. ఆగడం తను చూసుకుంటోంది," అన్నాడు ఆయన.

ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా కోసేసిన చేలు మొదలయ్యాయి. ఆకాశం కడిగినట్టుంది. కారు ఆగకుండా చాలా దూరం వెళ్లిపోయేసరికి ఆయనకు అనుమానం వచ్చి పక్కకు చూశాడు. టీచరు రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని, చిన్నపిల్లలా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇక ట్రాక్టరు కథ మొదలుపెట్టింది. అందరికీ కంఠతా వచ్చిన కథే. పదకొండేళ్లప్పుడు తాతయ్య కన్నుగప్పి ట్రాక్టరెక్కి నడిపేసింది. తాతయ్య వెనకాల కేకలేస్తూ పరిగెత్తాడు. ఆ ట్రాక్టరు చేను దాటి, దొడ్డి దాటి, బాతుల చెరువులో దిగిపోయింది. చెరువంటే మామూలు చెరువు కాదు, ఈ గట్టున నిలబడితే ఆ గట్టు మీది మనిషి వేలంత కనిపించేవాడు. తాతయ్య నీళ్లలోకి దిగి మనవరాలిని భుజానికెత్తుకుని బయటికి తెచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు.

"బ్రేకు ఎక్కడుందో చూశావా అని మాత్రం అడిగాడు," అంది టీచరు. వెనక సీట్లో కూతురు అదే మాటను పెదాలతో, చప్పుడు లేకుండా, తల్లితోపాటే అంది.

పొలం గేటు దగ్గర దిగాక టీచరు కాసేపు అక్కడే నిలబడింది. రెండు లారీలు పక్కపక్కన దూరేవని ఆమె చెప్పే గేటులోంచి ఈ చిన్న కారే వంకర తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పెంకుటిల్లు ఉంది, వెనక వరండా ఉంది, దొడ్డి ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ, ఉతికితే ముడుచుకుపోయిన చొక్కాలా ఉన్నాయి. బాతుల చెరువు దగ్గరికి వెళ్తే రెండు బాతులు ఈదుతున్నాయి. మూడోదానికి చోటు లేక గట్టు మీద నిలబడి ఉంది.

"అమ్మా, ట్రాక్టరు మునిగింది ఇందులోనా?" అంది కూతురు.

"చక్రాలు తడిసుంటాయిలే," అన్నాడు తండ్రి మెల్లగా.

ఈ మధ్య వానలు సరిగ్గా పడ్డం లేదంది టీచరు, ఎవరి వైపూ చూడకుండా.

ఇంతలో ఇంటి యజమానురాలు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి, నడుము మీద బుట్ట. నేరుగా టీచరు దగ్గరికొచ్చి, ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"గుంటలో ట్రాక్టరు దింపిన పిల్లవి నువ్వే కదూ," అంది.

టీచరు గర్వంగా కుటుంబం వైపు తిరిగింది. గుంట అన్న మాట తను విననట్టే ఊరుకుంది. ఆవిడ మాత్రం టీచరుకు గుర్తుకు రాలేదు. అప్పట్లో పక్క చేనిలోకి కొత్త కోడలిగా వచ్చానని, బుట్టలల్లి సంతలో అమ్మేదాన్నని, చుట్టుపక్కల అందరూ బుట్టలక్క అనేవాళ్లని ఆవిడే చెప్పింది. ఇంట్లోకి తీసుకెళ్లి టీ ఇచ్చింది, ఉడికించిన పొత్తులు పెట్టింది. అత్తగారు కుదురైన కుర్చీ ఒకటి వెతుక్కుని వరండాలో వేయించుకున్నారు.

టీచరు వరండా మెట్టు మీద కూర్చుంది. ఇక్కడే కూర్చునేది అమ్మమ్మ, ఈ స్తంభానికి ఆనుకుని, అంటూ చేత్తో తడిమి చూపించింది. పది మంది పిల్లలం చుట్టూ కూర్చుని కిక్కురుమనకుండా చూసేవాళ్లమంది. ఎలా అల్లేదో చూపిస్తానని పక్కనున్న బద్దలు అందుకుంది. బుట్టలక్క కుతూహలంగా ముందుకు వంగింది. టీచరు బద్దలను గుండ్రంగా నిలబెట్టి, వాటి పై చివరల దగ్గర అల్లిక మొదలుపెట్టింది. వేళ్లు చురుగ్గా కదిలాయి. ఒక వరస, రెండు వరసలు. అంచు మడిచి దోపింది. నిజంగా ముచ్చటైన అంచు.

బుట్టలక్క ఆ అంచు చూసింది. కింద వేళ్లాడుతున్న బద్దలు చూసింది. ఆవిడ ముఖం మొదట అయోమయంగా మారి, తర్వాత ఎర్రబడి, చివరికి ఆవిడ పైటతో నోరు మూసుకుంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

టీచరు ఏమైందని అడిగింది. ఏమీ లేదంది బుట్టలక్క. పొత్తు కొరుకుతున్న అత్తగారు చెయ్యి దించారు.

"ఏమిటో చెప్పమ్మా. దాచుకోకు," అన్నారు. "ఏళ్ల తరబడి మా ఇంట్లో ఉల్లిపాయలు నేల మీంచి ఏరుకుంటున్నాం."

బుట్టలక్క చాలాసేపు బెట్టు చేసింది. పోయినావిడ మాట, ఎవరికీ చెప్పనని ఒట్టేశానంది. తర్వాత టీచరు చేతిలోని వేళ్లాడే బద్దలను ఇంకోసారి చూసి, ఇది చెప్పకపోవడమే పాపమంది.

"మీ అమ్మమ్మకు బుట్ట అల్లడం రాదమ్మాయీ. అన్నీ నా దగ్గరే తీసుకునేది."

కూతురు గబుక్కున తల్లి చేతిలోని అంచు వైపు చూసింది.

"మీ సెలవులకు ముందు ఆ వెనక కంచె దగ్గరికొచ్చేది. బుట్ట అల్లు గానీ చివరి రెండు వరసలు వదిలెయ్ అనేది. నాకు మొదట అర్థం కాలేదు. సగం పని చేస్తే నాకు పేరు పోతుందన్నాను. ఆ రెండు వరసలూ పిల్లల ముందు నేను అల్లాలి, అదొక్కటీ నాకు నేర్పు అంది. అదైనా ఎంత కష్టపడి నేర్చుకుందో. ఆవిడ వేళ్లు మాట వినేవి కావు."

"ఎందుకలా?" అంది టీచరు.

"ఎందుకేమిటి. పది మంది మీరు. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఒకడు దూలమెక్కి పడ్డాడు. నువ్వు ట్రాక్టరు దింపావు. వీళ్లను ఒకచోట కూర్చోబెట్టాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, అది నాకు వచ్చినట్టు కూడా ఉండాలి, లేకపోతే ఈ పిడుగులు లేచిపోతాయి అనేది."

టీచరు పాదం వరండా బండను గట్టిగా తొక్కింది. భర్త చూశాడు. కూతురు కూడా చూసింది. ఏళ్లుగా అమ్మమ్మ మీద ఆమెకున్న నమ్మకం కోసమే అడుగులేని బుట్టలు భరించినవాళ్లు, ఇప్పుడు ఆ అమ్మమ్మ నిజంగానే అల్లి ఉంటే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకున్నారు.

టీచరుకు ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది. అమ్మమ్మ బుట్టను ఎప్పుడూ గదిలోంచే తెచ్చేది. వచ్చేసరికి అది దాదాపు అయిపోయి ఉండేది. మిగతాది ఎప్పుడల్లావని అడిగితే, మీరు నిద్రపోతున్నప్పుడని చెప్పేది. తను నమ్మింది. నమ్మడమే కాదు, నిద్రపోకుండా చూద్దామని ఒకసారి ప్రయత్నించి, మధ్యలోనే నిద్రపోయి, ఆ తప్పు తనదే అనుకుంది.

"అంటే నేను నేర్చుకున్నది అంచే," అంది చివరికి. "బుట్ట ఎక్కడ మొదలవుతుందో నేను అసలు చూడనే లేదు."

ఆ మాటన్నాక ఆమె ముఖం ఏడవబోతున్నట్టు వంకర తిరిగింది, కానీ వచ్చింది నవ్వు. ఎంతకీ ఆగని నవ్వు. ఆపుదామని పాదంతో తొక్కినా ఆగలేదు. స్తంభానికి తల ఆనించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. అమ్మమ్మ ఎంత ముఖం పెట్టుకుని అల్లేదో, మధ్యలో పిల్లలెవరైనా దగ్గరికొస్తే వెలుతురుకు అడ్డు రావద్దని ఎలా గదిమేదో చెప్పి, అందరినీ నవ్వించింది.

"ఆవిడ తెలివైనావిడ," అన్నారు అత్తగారు. "కొనుక్కునేది. నువ్వూ కొనుక్కోవచ్చు."

టీచరు ఒప్పుకోలేదు. కళ్లు తుడుచుకుని, మొదలు ఎలా పెట్టాలో తనకు నేర్పమని బుట్టలక్కను అడిగింది. బుట్టలక్క సరేనంది గానీ, ఒక బేరం పెట్టింది. నువ్వు డ్రైవింగు నేర్పుతావని మీ ఆయన ఫోనులో చెప్పాడు, నాకూ ఓ చిక్కుంది రమ్మని దొడ్లోకి తీసుకెళ్లింది.

దొడ్లో ఒక చిన్న ట్రక్కు ఉంది. బుట్టలు, మొక్కజొన్నలు సంతకు తీసుకెళ్లడానికి కొనుక్కుంది. వారం వారం తనే నడుపుకుని వెళ్తోంది. అయితే మొదటి గేరులోనే. ఇంటి దగ్గర వేసిన మొదటి గేరు సంతలో తీస్తుంది. దారిలో నడిచేవాళ్లు ఆమెతో కబుర్లు చెబుతూ పక్కనే వస్తారు, కొంతసేపటికి విసుగొచ్చి ముందుకు వెళ్లిపోతారు.

"రెండో గేరు ఎప్పుడూ వెయ్యలేదా?" అంది టీచరు.

"ఒకసారి తనంతట తనే పడింది. భయమేసి తీసేశాను."

"లైసెన్సో?"

"నడిచేవాళ్లను ఎవరైనా లైసెన్సు అడుగుతారా అమ్మాయీ?"

టీచరుకు వృత్తి ధర్మం పొడుచుకొచ్చింది. రోడ్డు మీద వద్దు, కోసిన చేను ఖాళీగా ఉంది కదా, అక్కడ నేర్పుతానంది. బుట్టలక్క స్టీరింగు దగ్గర, టీచరు పక్కన కూర్చున్నారు. అత్తగారి కుర్చీ చేని గట్టు మీదికి మార్చారు. భర్త, కూతురు గట్టు మీద నిలబడ్డారు. చేనికి ఆ చివర మొక్కజొన్న చొప్ప కుప్ప ఒక ఇల్లంత ఎత్తున ఉంది. అది చాలా దూరంలో ఉందని అందరూ అనుకున్నారు.

మొదటి గేరు బాగానే సాగింది. రెండోది వేయించేసరికి ట్రక్కు ఒక్క కుదుపు కుదిపి, హాయిగా పరుగందుకుంది. బుట్టలక్క ముఖం వికసించింది. ఇంత బాగుంటుందని తెలియదే అంటూ, చెప్పకుండానే మూడోది కూడా వేసేసింది. కుప్ప దగ్గరపడుతోంది. టీచరు కాలు అలవాటు కొద్దీ ఠక్కున తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఉన్నది తుప్పు పట్టిన రేకు. రెండోసారి తొక్కేసరికి రేకు విరిగి కాలు చీలమండ దాకా కిందికి దిగింది. చెప్పు చేనిలో పడిపోయింది. చొప్ప మోళ్లు అరికాలికి చక్కిలిగింతలు పెడుతుండగా, బ్రేకు వెయ్యండి, బ్రేకు వెయ్యండి అని టీచరు చెప్పింది.

బుట్టలక్క నింపాదిగా రెండు కాళ్లూ పైకెత్తి కూర్చుంది.

"ఆగడం నువ్వు చూసుకుంటావని మీ ఆయన చెప్పాడే," అంది.

ట్రక్కు మెత్తగా చొప్ప కుప్పలోకి దూరిపోయింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. కుప్ప ఒకసారి నిట్టూర్చినట్టు కదిలి, పైనుంచి కొంత జారి, ట్రక్కును కప్పేసింది. ఎక్కడో ఇంజను దగ్గి ఆగిపోయింది. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడ అంత చురుగ్గా లేవడం ఇంట్లోవాళ్లు చూసి చాలా ఏళ్లయింది.

భర్త, కూతురు పరిగెత్తుకెళ్లేసరికి కుప్పలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. తల నిండా చొప్పతో టీచరు ఒక తలుపులోంచి, బుట్టలక్క ఇంకో తలుపులోంచి పాకుతూ బయటికొచ్చారు. టీచరు ఒంటి చెప్పుతో నిలబడి, చిన్నప్పుడు ఏం చెయ్యాలో తెలియక చేశాను, ఇప్పుడు లైసెన్సు పెట్టుకుని చేశానంది. ఆయన రెండో చెప్పు వెతకడానికి చేనిలోకి వెళ్లి, అది దొరికేలోగా మళ్లీ మళ్లీ తనలో తానే నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చాక బుట్టలక్క తన వంతు మొదలుపెట్టింది. నాలుగు బద్దలు నిలువుగా, నాలుగు అడ్డంగా పరిచి, మధ్యలో ఒకదాని మీంచి ఒకటి దూర్చమంది. చూస్తే సులువే. టీచరు దూర్చింది. పట్టుకునేలోగా నాలుగు దిక్కులకూ విచ్చుకుపోయాయి. మళ్లీ దూర్చింది. మళ్లీ విచ్చుకున్నాయి. ఒక బద్ద ఎగిరి వెళ్లి అత్తగారి టీలో పడింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టి, మిగతా టీ తాగారు. టీకి ఏదో ఒకటి కావడం ఆ రోజుకు ఆవిడకు అలవాటైపోయింది.

"ఒళ్లో పెట్టుకుంటావేం?" అంది బుట్టలక్క. "ఒళ్లో పెట్టుకునేది అంచు కట్టేటప్పుడు. అడుగు వేసేటప్పుడు నేల మీద పెట్టి కాలితో తొక్కి పట్టాలి. గట్టిగా. అస్సలు వదలకూడదు."

టీచరు బద్దల కూడలి మీద కుడిపాదం పెట్టింది. ఎన్నో ఏళ్లుగా రోజంతా చేస్తున్న పనే అది. ఆ పాదం కింద బద్దలు కదలాలంటే కూడా భయపడ్డాయి. చేతులకు ఇక ఒక్క పనే మిగిలింది, చుట్టూ దూర్చుకుంటూ పోవడం. అడుగు పళ్లెమంత అయింది. తర్వాత బద్దలు పైకి వంచి గోడ కట్టింది. అంచు దగ్గరికొచ్చేసరికి బుట్టలక్క చెయ్యి అడ్డం పెట్టి, ఇక్కడి నుంచి నాకంటే నీకే బాగా వచ్చు, నువ్వే కానియ్యి అంది.

పూర్తయిన బుట్టలో కూతురు ఉడికిన పొత్తులు వేసింది. తండ్రి ఎత్తాడు. ముగ్గురూ నేల వైపు చూశారు. నేల మీద ఏమీ లేదు. బుట్ట కాస్త ఎడమకు వాలి ఉంది, కానీ పొత్తులన్నీ అందులోనే ఉన్నాయి. అత్తగారు దాన్ని దగ్గరికి తెప్పించుకుని, అడుగున వేలు పెట్టి నొక్కి చూసి, ఆడపడుచు ఇంట్లో పూలకుండీకి ఇక విశ్రాంతి అన్నారు. టీచరు పూలకుండీ ఏమిటని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆ రుతువు అంతా వారం వారం రాకపోకలు సాగాయి. ఒక ఆదివారం వీళ్లు పొలానికి వెళ్లేవాళ్లు, ఒక ఆదివారం బుట్టలక్క బస్సులో ఊళ్లోకి వచ్చి, నేర్పే కారులో రెండు బ్రేకుల భద్రతలో నేర్చుకునేది. వీధిలో నడిపేటప్పుడు ఆమెకు భయమనేదే లేకపోవడం చూసి టీచరు ముచ్చటపడింది. ఎదురుగా ఏమొచ్చినా బుట్టలక్క ముఖంలో ప్రశాంతత చెక్కు చెదిరేది కాదు. ఇంత నిబ్బరమున్న శిష్యురాలు తనకెప్పుడూ దొరకలేదని టీచరు ఇంట్లో చెప్పుకుంది. పక్క బ్రేకు మాత్రం ఎప్పటికంటే ఎక్కువ అరిగింది.

లైసెన్సు పరీక్షకు ముందు కళ్లు చూపించుకోవాలి. టీచరు ఆమెను బజారులో భర్త దుకాణానికి తీసుకెళ్తానంది. ఆ రోజు బుట్టలక్క పట్టుబట్టి, పరీక్షకు ముందు అలవాటవ్వాలంటూ, టీచరును పక్కన కూర్చోబెట్టుకుని తన ట్రక్కునే నడుపుకుంటూ వచ్చి, దుకాణం ముందు ఆపింది. ఆపడమంటే పేవ్‌మెంటు ఎక్కించి, అద్దాల తలుపుకు జానెడు దూరంలో ఆపడం.

ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఏ గోడ అని అడిగింది ఆమె. ఆయన అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూస్తూ, భార్య వైపు ఒకసారి చూశాడు. దగ్గరివి ఇంత స్పష్టంగా, దూరానివి ఇంత మసకగా కనిపించే కళ్లు తన దుకాణానికి ఎప్పుడూ రాలేదన్నాడు. చేతిలో బద్దలు తప్ప ఆమెకు ఈ ప్రపంచంలో ఏదీ సరిగ్గా కనిపించినట్టు లేదు. టీచరు దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ఇన్ని వారాలు తను ఎలాంటి కారులో కూర్చుందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

అద్దాలు తయారయ్యాక ఆయనే స్వయంగా బుట్టలక్క ముక్కు మీద పెట్టి, గుమ్మం దాకా తీసుకొచ్చి, బయటికి చూడమన్నాడు. బజారు నిండుగా ఉంది. బస్సులు, లారీలు, సైకిళ్లు, అడ్డంగా పరిగెత్తే పిల్లలు. ఆమె చాలాసేపు రెప్ప వేయకుండా చూసింది.

"ఇన్ని బండ్లు ఎదురొస్తున్నాయని ఇన్నాళ్లూ నాకెవ్వరూ చెప్పలేదేం?" అంది మెల్లగా.

పరీక్ష ఇంకో నెల వాయిదా వేసుకుని, తర్వాత నింపాదిగా నెగ్గింది. అద్దాలు పెట్టుకున్న ఆ రోజు మాత్రం ట్రక్కును పొలం దాకా టీచరే నడిపింది. బుట్టలక్క పక్క సీట్లో ముందుకు వంగి కూర్చుని, దారి పొడవునా కనిపించిన ప్రతి బోర్డునూ, దుకాణాల పేర్లనూ, గోడల మీది ప్రకటనలనూ, ముందు వెళ్లే లారీల వెనక రాసినవాటినీ పైకి చదువుకుంటూ వెళ్లింది, ఒక్కటీ వదలకుండా.